కట్టని ఆసుపత్రిలో మా బావ

మా బావకి ఇంకా కట్టని భవనాల్లో తిరిగే అలవాటుంది. గోడలు, గొట్టాలు, తీగలు అన్నీ ముందే కంప్యూటర్లో కట్టి చూసుకోవడం ఆయన ఉద్యోగం. బిమ్ అంటారు దాన్ని. ఆ మోడల్ ఒకసారి బుర్రకెక్కిందంటే మనిషి ఇక మన మధ్య ఉండడు. ఆసుపత్రి రాబోయే ఖాళీ స్థలంలో నాతో కబుర్లు చెబుతూ నడుస్తున్నవాడు ఉన్నట్టుండి తల వంచేవాడు. అక్కడ మెట్ల అడుగుభాగం వస్తుందట. నేను తిన్నగా పోతే, "గోడలోంచి వెళ్తావేంట్రా, తలుపు ఇటుంది" అని చెయ్యి పట్టి లాగేవాడు. నేను ఆయన కింద ఇంజినీర్ని, పైగా బావమరిదిని. ఎదురు చెప్పే యోగం ఏ రకంగానూ లేదు కనక లేని తలుపులోంచే వెళ్లేవాణ్ణి.

మా మేస్త్రి భార్యకి నెలలు నిండుతున్నాయి. ఊరెళ్తానంటే, గోడలన్నీ పూర్తయ్యేదాకా కదలడానికి వీల్లేదన్నాడు ఆసుపత్రి కట్టిస్తున్న ఓనరు. పాపం, మొదటి కాన్పుకీ అతను వెళ్లలేదు. అప్పటి భవనంలో గొట్టం పట్టలేదని కట్టిన గోడలు పగలగొట్టి, మళ్లీ కట్టించారు.

స్లాబు వేసే రోజు కాంక్రీటు లారీలు బయల్దేరబోతుంటే బావ వచ్చి ఆపమన్నాడు. మోడల్లో పెద్ద గాలి గొట్టం బీముకి అడ్డం తగులుతోందట. స్లాబులో దానికి వదిలిన కన్నం పక్కకి జరపాలట. ఓనరుకి ఒళ్లు మండింది.

"లేని గొట్టం లేని బీముకి తగిలిందని పని ఆపేస్తావా?"

"ఇవాళైతే మౌసుతో జరుపుతానండీ. రేపైతే సుత్తులతో జరపాలి."

సాయంత్రంలోగా తేల్చకపోతే మళ్లీ రానక్కర్లేదన్నాడు ఓనరు. బావ మాత్రం టీ తెప్పించుకుని, తాపీగా గొట్టాన్ని వంచి, కన్నం జరిపించి, మధ్యాహ్నానికల్లా చేతులు దులుపుకున్నాడు. మర్నాడు కాంక్రీటు పడింది. ఆ తర్వాత గొట్టాలన్నీ అత్తారింటికొచ్చిన అల్లుళ్లలా దర్జాగా లోపలికెళ్లాయి. ఒక్క ఇటుక పగలగొట్టలేదు. గోడలు గడువుకి ముందే లేచాయి. ఖర్చు తగ్గిందని పొంగిపోయిన ఓనరు, మేస్త్రి సెలవుకి తనే తలూపాడు. మోడల్ ఆలోచన మొదట్నుంచీ తనదేనని ఊరంతా చెప్పుకున్నాడు కూడా.

మా అక్కతో ఈ సంగతి చెబితే పకపకా నవ్వింది. "మీ బావ రోజూ అన్నం దగ్గర నా ప్రాణం తీశాడ్రా. కాన్పుకి మొగుడు ఎన్నాళ్ల ముందు పక్కనుంటే బావుంటుందని ఒకటే గొడవ. నాకు లేని కాన్పు ఎవరికా అని హడలి చచ్చాను."

నాకు ఆయన మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. ఆడపిల్ల పుట్టిందనీ, తానే మొదట ఎత్తుకున్నాననీ మేస్త్రి ఫోన్ చేసిన రోజున అడిగేశాను.

"అయితే బావా, ఇదంతా మేస్త్రి కోసమా?"

బావ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"మెల్లిగా ఏడవరా. కావాలనే ఇంత టైము మిగిల్చానని ఓనరుకి తెలిస్తే పైన ఇంకో అంతస్తు వెయ్యమంటాడు."