రెండు యూనివర్సిటీలు, గిన్నెడు మైదా జిగురు

పీజీ ఎంట్రన్సులో నాకు వచ్చిన ర్యాంకు చూసి ఏమనాలో మా వన్ టౌన్ సందులో ఎవరికీ తోచలేదు. అభినందించడానికి అది చాలదు, ఓదార్చేంత ఘోరంగానూ లేదు. ఆ ర్యాంకుకి ఎం.ఏ. ఎకనామిక్స్‌లో సీటు తప్పకుండా వచ్చే ప్రభుత్వ యూనివర్సిటీలు ఇంటికి దగ్గర్లో రెండున్నాయి. ఒకటి కృష్ణ అవతలి ఒడ్డున. రెండు బస్సులు మారాలి గాని గంటలో చేరిపోవచ్చు. రెండోది సముద్రం వైపు, డెల్టాలో బాగా లోపలికి. ఒకటే బస్సు, కానీ రెండు గంటలు. రెండూ చిన్నవే. ఆన్‌లైన్లో ఏది ముందు పెట్టాలో, ఏది తర్వాత పెట్టాలో తేల్చుకోవడానికి నాకు ఎనిమిది రోజుల గడువుంది.

మొదటి రోజే పక్కింటి పిన్ని వచ్చి కూర్చుంది.

"ఫలానా చోట చదువుతున్నానంటే అవతలివాళ్ళు 'ఓహో' అనాలమ్మా. 'అదెక్కడుంది' అన్నారంటే ఇంక అదేం యూనివర్సిటీ?"

వాళ్ళబ్బాయి చదివే ప్రైవేటు కాలేజీ పేరు చెబితే అందరూ 'ఓహో' అనేవాళ్ళు. ఆ వెంటనే 'ఫీజెంత' అనేవాళ్ళు. ఆ రెండో మాట పిన్నికి వినపడేది కాదు.

మా అమ్మ ఒక ఆడపిల్లల హైస్కూల్లో ఆయా. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో చదువు గురించి ఆవిడ కనిపెట్టిన సిద్ధాంతం ఒక్కటే. బాత్రూముకి గడియ లేని చోట ఆడపిల్ల మంచినీళ్ళు తాగదు. నీళ్ళు తాగకపోతే తలనొప్పి. తలనొప్పిలో చదువెక్కదు. "రెండు చోట్లకీ వెళ్ళి గడియలు చూసి రండి. తర్వాత మాట్లాడదాం" అంది.

నాన్నది వేరే లెక్క. ఆయనకి మా సందు చివర చిన్న బైండింగు షాపుంది. స్కూలు రిజిస్టర్లు, లాయర్ల కట్టలు, ఏడాదికి ఇరవై ముప్పై పీహెచ్‌డీ థీసిస్‌లు జిల్దు కడతాడు. థీసిస్‌లో ఏముందో ఆయన ఎప్పుడూ చూడలేదు. ఎడమ పక్క మార్జిన్ ఎంత వదిలారో మాత్రం చూస్తాడు.

"నది అవతలి నించి వచ్చే పిల్లలు ఒకటిన్నర అంగుళం వదుల్తారమ్మా. కుట్టినా అక్షరం మింగదు. సముద్రం వైపు నించి మొన్న ఒకాయన తెచ్చాడు, ముప్పావంగుళం! కుట్టు పడితే ప్రతి లైనులోనూ మొదటి అక్షరం హుష్‌కాకి. ముప్పావంగుళం వదిలేవాళ్ళకి క్రమశిక్షణ ఏముంటుంది, చెప్పు?"

"ఒక్కాయన్ని చూసి యూనివర్సిటీ మొత్తాన్ని అంటావేంటి నాన్నా?"

"అన్నం ఉడికిందో లేదో ప్రతి మెతుకూ పట్టి చూస్తామా?" అన్నాడు. డిగ్రీలో శాంపిల్ సర్వే గురించి చదివిన దాన్నే గాని, ఆయన చెప్పింది తప్పని ఏ పేజీ చూపించి చెప్పాలో తెలియలేదు.

మొదట దగ్గరిదానికి వెళ్ళాం. శుక్రవారం కాబట్టి ఒంటిగంటకల్లా జుమ్మా నమాజుకి తిరిగి రావాలని నాన్న పొద్దున ఏడింటికే బయల్దేరదీశాడు. గేటు దగ్గర వాచ్‌మన్ రిజిస్టరు ఇస్తే, 'పని' అన్న గడిలో నాన్న 'చూచుటకు' అని రాశాడు. లోపల అన్నీ బాగున్నాయి. చెట్లు వరసగా ఉన్నాయి. బోర్డులు చదివేటట్టున్నాయి. సెలవులు కావడంతో డిపార్టుమెంటుకి తాళం వేసి ఉంది గాని తాళం కూడా శుభ్రంగా ఉంది. నేను వెళ్ళి గడియ చూసొచ్చాను. గట్టి ఇత్తడి గడియ. అమ్మకి అక్కణ్ణించే ఫోన్ చేసి చెప్పాను.

లైబ్రరీలో నాన్న చేతులు వెనక్కి కట్టుకుని బీరువాల ముందు నెమ్మదిగా నడిచాడు. ఒక పుస్తకం తీసి తెరిచాడు, కుట్టు నొక్కి చూశాడు, పెట్టేశాడు. ఇంకోటి తీశాడు. అలా అరగంట. అన్నీ కొత్తవి, బిగువుగా ఉన్నాయి. ఒక్క పుస్తకానికి కూడా ఆయన చెయ్యగలిగింది లేదు. బయటికొచ్చాక ముఖం కొంచెం చిన్నబోయి ఉంది.

"ఏంటి నాన్నా, బాలేదా?"

"బానే ఉంది. చాలా బాగుంది" అన్నాడు, వియ్యాలవారింట్లో మర్యాదలు ఎక్కువై ఇబ్బంది పడ్డవాడిలా.

పదకొండున్నరకి ఇంటికొచ్చేశాం. అమ్మ సంతృప్తిగా దగ్గరిదే మొదటి ఆప్షన్ అని తేల్చేసింది. నేనూ సరేనన్నాను. కానీ నాన్న, "రెండోది కూడా ఒకసారి చూసొద్దాం, మర్యాదగా ఉంటుంది" అన్నాడు. మేం చూడకపోతే ఆ యూనివర్సిటీ ఏమనుకుంటుందోనన్నట్టు.

సోమవారం బయల్దేరాం. కంకిపాడు దాటగానే వాన మొదలైంది. బస్సు కిటికీ అద్దం సగంలో ఇరుక్కుపోయి, నా కుడి భుజం ఒక్కటే ఉయ్యూరు దాకా తడిసింది. రోడ్డుకి రెండు పక్కలా నాట్లేసిన పొలాలు, ఎక్కడ కాలవ అయిపోయి ఎక్కడ మడి మొదలైందో తెలియనంత నీళ్ళు. నాన్న ఒళ్ళో ఆయన రెగ్జిన్ సంచి ఉంది. ఎక్కడికెళ్ళినా సూదులు, దారపు ఉండ, ఒక దబ్బనం అందులో ఉంటాయి. డాక్టర్లు స్టెతస్కోపు మోసినట్టు మోస్తాడు.

ఈసారి గేటు దగ్గర 'పని' గడిలో 'పుస్తకాలు' అని రాశాడు.

వాచ్‌మన్ అది చదివి రోడ్డు మీదకి తొంగి చూశాడు. "ఆటో ఏదండీ? ఎన్ని కట్టలు?"

"కట్టలు లేవండి. చూడ్డానికొచ్చాం."

"చూడ్డానికి ఇంత దూరం వచ్చారా?" అని ఆయన జాలిగా లైబ్రరీకి దారి చూపించాడు.

లైబ్రరీలో నాన్న మూడో బీరువా దగ్గర ఆగిపోయాడు. లావుపాటి ఎకనామిక్స్ పుస్తకం ఒకటి. వెన్ను పూర్తిగా ఊడిపోయి, మధ్యలో రెండు సెక్షన్ల కాగితాలు జారి, అంచులు నల్లబడి ఉంది. దాన్ని రెండు చేతులా పట్టుకుని తీసి బల్ల మీద పడుకోబెట్టాడు.

"చూశావా ఎంతమంది చదివారో! అక్కడ పుస్తకాలు పెళ్ళిపీటల మీద కూర్చున్నట్టున్నాయి. ఇవి కాపురం చేసినవి."

ఆ మాట అంటూనే సంచిలోంచి సూది తీశాడు. నేను వద్దనేలోపు దారం ఎక్కించేశాడు. రెండో సెక్షను కుడుతుండగా లైబ్రేరియన్ గారు వచ్చారు. రిటైర్మెంటుకి దగ్గర పడ్డ మనిషి. కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టుకుని చూశారు.

"ఏవండీ, ఏం చేస్తున్నారు?"

"కుట్టేస్తున్నానండి."

"ఎవరు కుట్టమన్నారు?"

"ఎవరు చెప్పాలండీ? ఊడిపోతోంది కదా!"

నేను గోడలోకి దూరిపోదామా అని చూస్తున్నాను. లైబ్రేరియన్ గారు ఒక నిమిషం కుట్టు వంక చూశారు. లోపలికి వెళ్ళారు. సెక్యూరిటీని తెస్తారనుకున్నాను. రెండు చేతుల్లో నాలుగు పుస్తకాలతో తిరిగొచ్చారు.

"ఇవి కూడా చూస్తారా?"

నాన్న ముఖం వెలిగిపోయింది. కానీ వెన్ను అతకడానికి జిగురు కావాలి. లైబ్రేరియన్ గారు తెల్ల గమ్ము సీసా ఇవ్వబోతే నాన్న చెయ్యి అడ్డం పెట్టాడు. "అది పిల్లల క్రాఫ్టు పనికండి. పుస్తకానికి మైదా జిగురే ఉండాలి." తర్వాత నా వైపు తిరిగి, జేబులోంచి చిన్న పొట్లం తీసి ఇచ్చాడు. "మైలుతుత్తం. చివర్లో చిటికెడు వెయ్యి, పురుగు పట్టదు. క్యాంటీన్లో మైదా ఉంటుంది, వెళ్ళి ఉడికించుకు రా."

అలా నేను చదువుదామా వద్దా అని చూడ్డానికి వెళ్ళిన యూనివర్సిటీలో, వచ్చిన గంటలోపే వంటకి కుదిరాను.

క్యాంటీన్ నడిపే అక్క మొదట ఒప్పుకోలేదు. "మైదా పరోటాలకమ్మా. పుస్తకాలకి పెట్టడం ఎప్పుడూ వినలేదు." లైబ్రేరియన్ గారు పంపారన్నాను, పొట్లం చూపించాను. పాత గిన్నె ఒకటి ఇచ్చి, "మీ విషం పొట్లం నా గిన్నెల దగ్గరికి తేవద్దు, బయట కలుపుకో. ఆ గిన్నె మళ్ళీ నాకొద్దు, ఉంచేసుకో" అంది. స్టవ్ పక్కన నిలబడి గరిటె తిప్పుతున్నాను. సెలవుల్లో కూడా హాస్టల్లో ఉండిపోయిన పిల్లలు కొందరు టీ తాగుతున్నారు. ఒకడొచ్చి గిన్నెలోకి వంగి చూశాడు.

"అక్కా, కొత్త ఐటమా? నాకో ప్లేటు."

"అది తింటే నోరు తెరవలేవు" అన్నాను.

"అయితే రెండు ప్లేట్లియ్యి, మా రూమ్మేటుకి పెడతా."

వెనక బల్ల దగ్గర ఒకావిడ టీ గ్లాసు పట్టుకుని నవ్వుతున్నారు. నూలు చీర, గొడుగు. దగ్గరకొచ్చి ఏం వండుతున్నావని అడిగారు. చెప్పాను. ఏ సబ్జెక్టులో చేరాలనుకుంటున్నావన్నారు. అదీ చెప్పాను. ఆవిడ అదే డిపార్టుమెంటులో పాఠాలు చెబుతారట.

"ఎకనామిక్సే ఎందుకు?"

ఆ ప్రశ్నకి నా దగ్గర మంచి జవాబులుండేవి. చుట్టాలకొకటి, పిన్నికొకటి. ఆ క్షణాన ఒక్కటీ గుర్తు రాలేదు. చేతిలో గరిటె ఉన్నప్పుడు అబద్ధం చెప్పడం కష్టం. "డిగ్రీలో దాంట్లోనే మార్కులొచ్చాయండీ" అనేశాను.

"నాకూ అంతే" అన్నారావిడ. "మధ్యాహ్నం రెండింటికి సీనియర్లకి ఒక క్లాసు పెట్టుకున్నాను, సెలవులైనా. జిగురు ఇచ్చేసి వచ్చి వెనక కూర్చో."

కూర్చున్నాను. పదకొండు మంది ఉన్నారు. నా గోళ్ళ చుట్టూ మైదా ఎండిపోయి తెల్లగా ఉంది. మేడమ్ బోర్డు మీద ఏమీ రాయకుండా, "రైతుబజార్లో పొద్దున్న ఉన్న వంకాయ రేటు సాయంత్రానికి ఎందుకు పడిపోతుంది?" అని అడిగారు. ముందు వరసలో వాళ్ళు సప్లై, డిమాండు అంటూ చెబుతున్నారు. ఆవిడ ఉన్నట్టుండి నా వైపు చూశారు. "నువ్వు చెప్పు."

లేచి నిలబడ్డాను. తోచింది చెప్పాను. "మా అమ్మ ఆగుతుందండీ."

"ఏంటీ?"

"సాయంత్రం ఏడింటి దాకా అక్కడే తిరుగుతుందండీ, కొనకుండా. రైతుకి ఊరెళ్ళే ఆఖరి బస్సుంటుంది. అమ్మకి ఇల్లు దగ్గరే, బస్సుతో పన్లేదు. అందుకని అమ్మే గెలుస్తుంది."

క్లాసంతా ఘొల్లుమంది. మేడమ్ కూడా నవ్వారు గాని, నవ్వుతూనే చాక్‌పీసు తీసుకుని 'ఎవరు ఆగగలరు?' అని బోర్డు మీద రాశారు. తర్వాత ముప్పావుగంట పాఠం దాని మీదే నడిచింది. చివర్లో నన్నే మళ్ళీ అడిగారు. "మరి రైతు గెలవాలంటే ఏం చెయ్యాలి?"

"ఆలోచించు" అని ఆవిడ గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు. నేనింకా ఆ యూనివర్సిటీ విద్యార్థిని కాదన్న సంగతి ఆవిడకి గుర్తున్నట్టు లేదు. నాకూ గుర్తు లేదు.

తిరుగు బస్సులో అదే ప్రశ్న నాన్నని అడిగాను. ఆయన తొమ్మిది పుస్తకాలు బాగు చేసిన తృప్తిలో ఉన్నాడు. "సొంత బండి కొనుక్కోవాలి" అన్నాడు వెంటనే. పామర్రు దగ్గర, "లేకపోతే ఎండబెట్టి వరుగులు చేసుకోవాలి" అన్నాడు. ఉయ్యూరు దాటాక, "అసలు మీ అమ్మని రైతుబజారుకి రానివ్వకూడదు" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది. "గడియ ఎలా ఉంది?"

నేను నాన్న వైపు చూశాను. నాన్న, "అది చూసే పని నాది కాదు" అంటూ చెప్పులు విప్పాడు.

"చూడ్డం మర్చిపోయానమ్మా."

"పొద్దున పోయి దీపాలు పెట్టే వేళకొచ్చారు. మధ్యలో వెళ్ళనే లేదా?"

"వెళ్ళాను. గడియ ఉందో లేదో గుర్తు లేదు."

"లేకపోతే గుర్తుండేది. గుర్తు లేదంటే ఉండే ఉంటుంది" అని అమ్మే తేల్చేసింది.

నెట్ సెంటర్లో కంప్యూటర్ ముందు కూర్చున్నాయన నా కాగితం చూసి రెండుసార్లు అడిగాడు. "దూరందే ఫస్టామ్మా? తిరగేసి రాశారేమో చూసుకోండి." తిరగేసి రాయలేదన్నాను. "దగ్గర్దానికి సీటొచ్చే ర్యాంకేగా?" అన్నాడు. అవునన్నాను. ఆయన నాన్న వైపు చూశాడు. నాన్న గోడ మీద క్యాలెండర్ ఎంత వంకరగా వేలాడుతోందో చూస్తున్నాడు. మొదటి విడతలోనే సీటొచ్చింది.

చేరాక మొదటి నెల రోజులూ నన్ను నేను తిట్టుకోని పొద్దు లేదు. రోజుకి నాలుగు గంటలు బస్సులో. రెండుసార్లు నిద్రపోయి స్టాపు దాటిపోయాను. ఆ రోజు క్యాంటీన్లో టీ తాగిన పిల్లలందరూ నన్ను 'మైదా' అనేవాళ్ళు. కొందరికి చివరిదాకా నా అసలు పేరు తెలియదు. నాతోపాటు డిగ్రీ చదివిన అమ్మాయి నది అవతల చేరి, ఇంటి దగ్గర పడుకుని లేచి వెళ్ళి, నాకంటే మంచి మార్కులు తెచ్చుకుంది. అందుకని నేను ఎంచుకున్నది సరైనదని ఎవరితోనూ వాదించను.

ఆ మొదటి ఏడాదిలోనే ఒక రోజు, వానకి రోడ్డు మీద చెట్టు పడి బస్సు ఆగిపోయింది. నేను చేరేసరికి పన్నెండున్నర. క్లాసు అయిపోయింది, వరండాలో ఎవరూ లేరు. మేడమ్ గొడుగు విప్పుకుని మెట్లు దిగబోతున్నారు. నన్ను చూసి ఆగారు, గొడుగు మూశారు. "తల తుడుచుకో ముందు" అన్నారు. ఆ పైన వరండా పిట్టగోడ మీద తడి వేలితో గీతలు గీస్తూ పొద్దుటి పాఠం మొత్తం నాకు మళ్ళీ చెప్పారు. గీతలు ఆరిపోతున్నాయి, ఆవిడ మళ్ళీ గీస్తున్నారు. మధ్యలో క్యాంటీన్ అక్క వచ్చి రెండు టీలు పిట్టగోడ మీద పెట్టి వెళ్ళిపోయింది.