తెర ముందు కుర్చీ

ఇరవై ఏళ్లుగా ఎమ్మెల్యేగారి కుర్చీ ముందుగదిలో, లోపలి గుమ్మానికి వేలాడే పూల తెరను ఆనుకునే ఉండేది. గంజి పెట్టిన తెల్లచొక్కా చేతులు మడుచుకుంటూ, వచ్చినవాడి ముఖం చూసి, క్షణంపాటు తల వెనక్కి వాల్చి, "ఏమయ్యా, మీ అమ్మ మోకాలు ఎలా ఉంది?" అనేవారు. ఆ జ్ఞాపకశక్తి చూసి పార్టీ పెద్దలకు కూడా అసూయ. నిజానికి జ్ఞాపకమంతా తెర వెనక కూరలు తరుగుతూ పేర్లు అందించే భార్యది.

ఆవిడ చనిపోయిన నెల తర్వాత మళ్లీ తలుపులు తీశారు. మొదట వచ్చింది ముసలి తాపీమేస్త్రీ. ఎమ్మెల్యేగారు అలవాటుగా తల వెనక్కి వాల్చారు. తెర వెనక చప్పుడు లేదు. గొంతు సవరించుకున్నారు, మడిచిన చేతినే మళ్లీ మడిచారు. చివరికి, "ఏమనుకోకయ్యా, నీ పేరు గుర్తు రావడం లేదు" అన్నారు.

"మీకెప్పుడు గుర్తుంది లెండి!" అన్నాడు మేస్త్రీ మెల్లగా. "అమ్మగారు చెప్పేది మా అందరికీ వినబడేది."

"మరి ఇన్నేళ్లూ నాకెందుకేశారయ్యా ఓట్లు?"

"ఆవిడ మాట వినేవారు కదండీ."

ఎమ్మెల్యేగారు లేచి, తెర దగ్గరి కుర్చీని లాక్కొచ్చి మేస్త్రీ పక్కన వేసుకున్నారు.

"చెప్పవయ్యా. పేరు దగ్గర్నించి మొదలుపెట్టు."