మౌసు పెడితేనే కనిపించే రేటు

మా పెదనాన్నది నూజివీడులో మామిడికాయల వ్యాపారం. తోటల వాళ్లతో బేరం ఆయన ఇప్పటికీ తువ్వాలు కిందే చేస్తారు. రెండు చేతుల మీదా తువ్వాలు కప్పి ఎదుటివాళ్ల వేళ్లు నొక్కుతారు. రేటెంతో ఆ ఇద్దరికే తెలుస్తుంది.

అలాంటి మనిషికి నేను వెబ్‌సైటు చేశాను. డైరీలో పేజీలకు పేజీలు రాస్తాను కానీ, ఎదురుగా మనిషి ఉంటే నాకు నోరు పెగలదు. వెబ్ పేజీలు చేయడం సొంతంగా నేర్చుకున్నది కూడా అందుకే. అక్కడ గొంతుతో పని లేదు.

చిన్నరసం, పెద్దరసం, బంగినపల్లి ఫొటోలు పెట్టి, కింద రేట్లు వేసి చూపించాను.

"రేటు అలా నడిరోడ్డు మీద ఆరబెట్టావేంటమ్మా? తీసెయ్."

పూర్తిగా తీసేయడం ఇష్టంలేక ఇంకో దారి వెతికాను. పేజీకి రూపురేఖలు దిద్దే సీఎస్ఎస్‌లో హోవర్ అని ఒకటుంది. మౌసు బాణం దేని మీద నిలిస్తే, నిలిచినంతసేపూ దాని రూపం మారుస్తుంది. ఆఫ్టర్ అని ఇంకొకటుంది. అసలు పేజీలో రాయని మాటను చివర తగిలిస్తుంది. ఆ మాట కంటికి కనిపిస్తుంది కానీ కాపీ చేద్దామంటే దొరకదు. రెండూ కలిపాను. ఫొటో మీద బాణం పెడితే రేటు వస్తుంది, తీస్తే మాయమవుతుంది.

పెదనాన్న కొట్లో కంప్యూటరు ముందు కూర్చుని, బాణం పెడుతూ తీస్తూ మురిసిపోయారు. "అచ్చం మన తువ్వాలే! ఎవడూ కాపీ కొట్టి వాట్సాప్‌లో తిప్పలేడు కూడానా? భలే అమ్మాయివే!"

ఆ మెచ్చుకోలుకి నేనూ పొంగిపోయాను. కానీ కొనేవాళ్లంతా చూసేది ఫోన్లో. ఫోనుకి మౌసు ఉండదు. ఫొటో మీద వేలు నొక్కితే నేరుగా కాల్ కలిసేలా పెట్టాను, ఆ నంబరేమో నాది. రేటు ఒక్కరికీ కనపడలేదు. పొద్దున్నుంచీ ఫోన్లే ఫోన్లు.

ఏం చెప్పమంటారని పెదనాన్నని అడిగాను.

"గొంతు చూసి చెప్పమ్మా. హైదరాబాదు గొంతైతే కాస్త ఎక్కువ చెప్పు, గద్దిస్తే తగ్గు. మెత్తగా అడిగేవాళ్లు బేరమాడరు, వాళ్లకింకాస్త వెయ్యి."

మెత్తగా అడిగేవాళ్లంటే నాలాంటివాళ్లు. నూజివీడు బజారులో ఇన్నేళ్లూ నాకు రేటు ఎలా చెబుతున్నారో అప్పుడు అర్థమైంది.

మధ్యాహ్నం ఒకావిడ ఫోన్ చేసింది. చెప్పాల్సింది ముందే మనసులో అనుకుని ఉంటుంది, నేనూ అలాగే చేస్తాను. "పెద్దరసం... ఒక పెట్టె కావాలండీ. మీరెంతంటే అంతేనండీ."

ఆవిడకి ఉన్న రేటే చెప్పాను.

"ఆ గొంతుకి ఆ రేటా? నీకీ జన్మలో వ్యాపారం రాదు," అన్నారు పక్క కుర్చీలోంచి పెదనాన్న.

ఆయన భోజనానికి వెళ్లగానే కంప్యూటరు ముందుకి జరిగాను. హోవర్ తీసేశాను. ఆఫ్టర్ తీసేశాను. పండు పేరు పక్కన చిన్న ఆకు బొమ్మ తగిలించాలంటే అలాంటివి బాగుంటాయి. కొనేవాళ్లకి కావాల్సిన మాట మాత్రం పేజీలోనే ఉండాలి. ప్రతి ఫొటో కింద రేటు మామూలు అక్షరాల్లో రాశాను. చూసుకుంటారో, కాపీ చేసుకుంటారో, వాళ్లిష్టం.

మర్నాడు ఎదురు కొట్టాయన ఫోను పట్టుకుని వచ్చాడు. "ఏంటన్నయ్యా, మీ రేట్లు మా కోడలి గ్రూపులో తిరుగుతున్నాయి? తువ్వాలు గాలికి ఎగిరిపోయిందా?"

పెట్టెలు సర్దే కూలీలంతా నావైపు తిరిగారు.

"ఎవర్నడిగి మార్చావ్?" అన్నారు పెదనాన్న.

"ఎవర్నీ అడగలేదు."

"మళ్లీ దాచెయ్."

ఆయన వైపు తిరిగాను.

"దాచను పెదనాన్నా. రేటెంత పెడతారో మీ ఇష్టం. కానీ అందరికీ ఒకటే ఉంటుంది. మెత్తగా మాట్లాడినందుకు ఎక్కువ గుంజాలంటే, ఆ పని ఇంకెవరితోనైనా చేయించుకోండి."

"అమ్మో, దీనికి మాటలొచ్చాయే!" అని ఎదురు కొట్టాయన పకపకా నవ్వాడు. పెదనాన్న మొహం కందిపోయింది.

"అయితే పెద్దరసం మీద ఇంకో పది పెంచు!"

"అందరికీనా?"

"ఆ, అందరికీ! తగలడు!"

పెంచాను. అక్షరాలు మాత్రం ఇంకాస్త పెద్దవి చేశాను.