మెడలో అట్టముక్క

పాత అమెరికన్ నవలల్లో మనిషిని సిగ్గు ఎలా తినేస్తుందో రాయమని మా కాలేజీ పిల్లలకు ప్రశ్న ఇచ్చాను. జవాబుల కట్టకున్న పురికొస విప్పుతుంటే, ఆ వాసనకే నా మెడ దురదపెట్టింది.

బాన్సువాడలో నేను చదివిన ఇంగ్లిష్ మీడియం బడిలో, తెలుగు మాట్లాడితే మెడలో పురికొసతో అట్టముక్క వేసేవాళ్లు. దాని మీద ‘నేను గాడిదను’ అని ఇంగ్లిషులో ఉండేది. ఇంకొకరు తెలుగులో దొరికితే తీసి వాళ్లకు వేసెయ్యొచ్చు. బడి వదిలేటప్పుడు ఎవరికుంటే వాళ్లు గేటు దగ్గర నిలబడాలి.

నాలుగో తరగతిలో ఒకరోజు అది నాకు పడింది. సాయంత్రం దాకా ఎవరూ తెలుగులో నోరు విప్పలేదు. చివరికి కావాలనే మెట్ల మీద పడ్డాను. నా పక్కన కూర్చునే రజిత ఉరికొచ్చింది.

“అయ్యో, ఏడ తాకిందే?”

లేచి, అట్ట తీసి ఆమె మెడలో వేశాను. దాంతోపాటే సిగ్గూ వదిలిందనుకున్నాను.

గేటు దగ్గరికి రజిత వాళ్ల నాన్న వచ్చాడు. ఆయనకు చదువు రాదు. అట్టను చూసి మురిసిపోయాడు.

“ఏం బిడ్డా, ఇనామిచ్చిన్రా?”

“అవ్ బాపు, ఫస్టొచ్చిన,” అంది రజిత, తల దించుకుని.

తప్పు ఒప్పుకుంటే బరువు దిగుతుందని జవాబుల్లో పిల్లలంతా రాశారు. మొన్న బీర్కూర్ బస్సు దగ్గర రజిత కనిపిస్తే, ఇన్నేళ్లుగా దాచుకున్న తప్పు ఒప్పుకుందామని వెళ్లాను. నోటికి ‘సారీ’ అన్న ఇంగ్లిష్ ముక్కే వచ్చింది.

ఆమె ఆనాటిలాగే తల దించుకుని బస్సెక్కింది.