ఓనరమ్మకు ఇచ్చిన లవంగం

మా ఓనరమ్మ పోయారు. పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున, దిల్‌సుఖ్‌నగర్ ఇంటి నుంచి దవాఖానకు తీసుకెళ్తుంటే ఆటోలోనే. గుండెపోటు అన్నారు. పేపర్లో వేసేంత పెద్దమనిషి కాదు కాబట్టి నేనే రాస్తున్నాను.

ఆవిడ గుండె జబ్బుల వార్డులో ఆయాగా చేసి రిటైరయ్యారు. నేను పైపోర్షన్‌లో కిరాయికుంటాను. తెనాలి వైపు నుంచి వచ్చి ఇక్కడి కోచింగ్ సెంటర్లలో లెక్కలు చెప్పినవాణ్ణి. నా భార్య పోయాక నాతో రోజూ మాట్లాడిన మనిషి ఆవిడొక్కరే.

రెండేళ్ళ క్రితం మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. గ్యాసనుకుని సోడా తాగేవాణ్ణి. ఆవిడ కింద బియ్యం ఏరుతూ నా అడుగులు వినేవారట.

"ఇయ్యాల రెండుసార్లు ఆగిన్రు సారు. జర కాళ్ళు చూపియ్యుండ్రి" అన్నారొకరోజు. మడమ పైన బొటనవేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. "గ్యాస్ గాదు, ఏం గాదు. గుండె అలిసిపోయి నీరు పట్టింది. నడువుండ్రి."

డాక్టరూ అదే చెప్పాడు. గుండె బలహీనపడి రక్తాన్ని సరిగ్గా పంపలేక ఒంట్లో నీరు చేరుతోందట. ఉప్పు తగ్గించమన్నాడు. ఆ రోజే నా ఆవకాయ జాడీ ఆవిడ వంటింటికి మారిపోయింది. అడిగితే "మా ఇంట్ల మంచిగనే ఉన్నది తియ్యుండ్రి" అని నవ్వేవారు. రోజూ పొద్దున్నే బరువు చూసుకుని కిందికి కేకేసి చెప్పాలి. ఉన్నట్టుండి పెరిగిందంటే మళ్ళీ నీరు చేరినట్టే, ఇక ఆవిడ చేతిలో నా పని అయిపోయినట్టే.

అంత తెలిసిన మనిషి ఆ మంగళవారం దవడ పట్టుకుని కూర్చున్నారు. ముఖమంతా చెమట.

"పన్ను గుంజుతుంది సారు. వీపు గూడ పట్టేసింది."

నేను పైకెళ్ళి లవంగం తెచ్చిచ్చాను. ఆవిడ బుగ్గన పెట్టుకున్నారు. అరగంట అలా గడిచిపోయింది. గుండెపోటు నొప్పి, ముఖ్యంగా ఆడవాళ్ళకు, ఒక్కోసారి ఛాతీలో కాక దవడలో, వీపులో వస్తుందని తర్వాత డాక్టరు చెబితే తెలిసింది. మీ ఇంట్లో ఎవరైనా ఇలా అంటే దయచేసి లవంగం వెతకకండి, ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

దినాలయ్యాక, వనస్థలిపురంలో ఉండే ఆవిడ కూతురికి ఈ సంగతి చెప్పాను. దాచుకోవడం నావల్ల కాలేదు. ఆ అమ్మాయి తన ఫోను తీసి ఆ రోజు వచ్చిన కాల్ చూపించింది.

"నాకు గూడ ఫోన్ చేసింది సార్. పన్ను నొప్పి అన్నది. డ్యూటీ అయినంక ఒస్తా తియ్యమ్మా అన్న."



వెళ్తూ వెళ్తూ కింది పోర్షన్ కోసం గేటుకు టులెట్ బోర్డు కట్టి, దాని మీద నా నంబరు రాసింది. తనకు డ్యూటీలో ఫోన్ ఎత్తడం కుదరదట. అప్పటి నుంచి నా ఫోను మోగుతూనే ఉంది. కింద ఎవరైనా ఉంటున్నారా అని అడుగుతారు. ఎవరూ లేరండి అని నేనే చెప్పాలి.