కష్టమైన పేపరు ముందా, ఆఖర్నా

నా ఫైనాన్స్ సర్టిఫికెట్‌కి ఇంకా మూడు పేపర్లు మిగిలాయి. ట్యాక్స్, ఆడిట్, ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్. మూడు నెలలకోసారి పరీక్షలుంటాయి, ఏ పేపరు ఎప్పుడు రాయాలన్నది మన ఇష్టం. ఆ ఇష్టమే నా కొంప ముంచింది. ఫలానా రోజు ఫలానా పరీక్ష అని ఎవరో ఒకరు చెప్పేస్తే నోరు మూసుకుని రాసేదాన్ని.

మొదటి రెండూ చదివితే వచ్చేవే. నా ప్రాణానికి వచ్చింది మూడోదే. రెండుసార్లు రాశాను, రెండుసార్లూ పోయింది. ఇంకోసారి పోతే పుస్తకాలు అటకెక్కించేసి, కడియంలో ఇప్పుడు చేస్తున్న మొక్కల నర్సరీలోనే లెక్కలు రాసుకుంటూ బతికేస్తానని ఇంట్లో చెప్పేశాను. ఉత్తుత్తి బెదిరింపు కాదు, నిజంగానే అనుకున్నాను. అందుకే దాన్ని ముందు రాసేద్దామని నా ప్లాను. పోతే మిగతా రెండింటికీ కష్టపడే పని తప్పుతుంది.

ఆ మాట అనగానే ఇంట్లో సభ మొదలైంది. నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆయన దృష్టిలో పరీక్షలంటే పదో తరగతి పరీక్షలే.

"పదో తరగతిలో తెలుగు పేపరు ముందెందుకు పెడతారంటావ్? పిల్లలు హాలుకి అలవాటు పడ్డానికమ్మా. లెక్కలు మధ్యలో రావాలి. మొదట్లోనే పెడితే సగం మంది మర్నాడు రారు."

"నాకు తెలుగు పేపరు లేదు కదా నాన్నా."

"ఆడిట్ ఉందిగా. అదే నీ తెలుగు."

అమ్మ మాత్రం కష్టమైనది ఆఖర్న రాయమంది. "రెండు పాసయ్యాక అది పోయిందనుకో, ఇంత దూరం వచ్చి మానేస్తావా? ముందే పోతే మాత్రం మానేస్తావు." నిజం చెప్పింది కాబట్టి నాకు ఒళ్లు మండింది.

నర్సరీ యజమానిగారు ఒకే ముక్క చెప్పారు. "నీ ఇష్టమమ్మా. వానలు పడ్డాక మాత్రం సెలవడక్కు." వానలు మొదలైతే మొక్కల లారీలు గేటు దాటి రోడ్డు మీద దాకా నిలబడతాయి, మా ఆఫీసులో ఎవరికీ ఊపిరాడదు. తీరిగ్గా చదువుకోగలిగేది ఎండాకాలంలోనే. ఆ తీరిక ఆడిట్‌కి ఖర్చు పెట్టడం దండగనిపించింది. కష్టమైనదే ముందు, జూన్‌లో, అని ఆ రోజే అప్లై చేసేశాను.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. మాది లూథరన్ సంఘం. శుక్రవారం స్త్రీల సమాజంలో ఒక్కొక్కరూ లేచి ప్రార్థన మనవి చెబుతారు. ఒకసారి మనవి పెట్టామంటే అది అందరి సొత్తూ అయిపోతుంది. జవాబు వచ్చేదాకా చర్చి మెట్ల మీద, కూరగాయల బండి దగ్గర, ఆటోలో, ఎక్కడ కనబడితే అక్కడ ఏమైందని అడుగుతూనే ఉంటారు. నేను రెండుసార్లు తప్పిన సంగతి మా వీధి చివరిదాకా పాకింది అలాగే.

"ఈసారి ఆడిట్ రాస్తోందని చెప్పమ్మా" అని అమ్మని బతిమాలాను. ఇది పోయినా, పాత పేపరు మూడోసారి పోయిందని ఎవరూ అనుకోరు. కాస్త పరువు మిగులుతుంది.

"దేవుడికి కూడా దొంగ లెక్కలు చూపించమంటావా?" అంది అమ్మ. "పేపరు పేరు చెప్పను. అంతవరకే."

జూన్‌లో రాశాను. జులైలో రిజల్ట్ వచ్చింది. పోయింది. కొద్దిలో పోయింది, అది ఇంకా మంట. ఆ ఆదివారం ఆరాధనకి ఆలస్యంగా వెళ్లి, వెనక బెంచీలో కూర్చుని, ఆశీర్వాదం అవగానే చెప్పుల కోసం పరుగెత్తాను. స్త్రీల సమాజం ప్రెసిడెంటుగారు, ఒకప్పుడు మా బళ్లో టీచరు, సరిగ్గా నా చెప్పుల పక్కనే నిలబడి ఉన్నారు.

"రిజల్ట్ వచ్చిందంటగా?"

"పోయిందండి."

"అది మీ అమ్మ చెప్పిందిలే. మళ్లీ అప్లై చేశావా, లేదా?"

ఓదారుస్తారనుకుంటే ఇదేం ప్రశ్నో అర్థం కాలేదు. లేదండి అన్నాను. ఆవిడ ముఖం చిన్నబోయింది.

"అదేంటమ్మా. ఇన్ని వారాల్నుంచీ మేం దేవుణ్ణి అడుగుతున్నది అదేగా. నువ్వు పాసవ్వాలని మీ అమ్మ ఒక్క శుక్రవారం కూడా అనలేదు. పోయినా మానెయ్యకుండా ఉండాలి, అదే అనేది. ఇదేం మనవి, తప్పమని దీవించినట్టుందని మేం నవ్వుకున్నాం కూడాను."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆఖర్న రాయమని నాతో అంత వాదించిన మనిషి, నేను నా మాటే నెగ్గించుకున్నాక ఇంట్లో మళ్లీ నోరెత్తలేదు. నేను ఎక్కడ మానేస్తానోనన్న భయాన్ని నలుగురిలో చెప్పుకుని, పోయినా నేను నిలబడాలని అడుగుతూ వచ్చింది. అమ్మంటే నాకు అంత ప్రేమ పొంగిన రోజు ఇంకోటి గుర్తులేదు. అక్కడే మెట్ల మీద కూర్చుని ఫోన్లో అప్లై చేశాను. సెప్టెంబరు, అదే పేపరు. లారీల సంగతీ సెలవు సంగతీ తర్వాత చూసుకోవచ్చు.

కాసేపటికి అమ్మ బయటికొచ్చింది. బయట చినుకులు పడుతున్నాయి.

"ఈ శుక్రవారం నేను పాసవ్వాలని మనవి పెట్టమ్మా" అన్నాను.

"ముందు అప్లై చెయ్యి, తర్వాత చూద్దాం" అంది గొడుగు విప్పుకుంటూ.

ఫోన్ చూపించాను. కళ్లజోడు లేకపోయినా చాలాసేపు స్క్రీన్ వంక చూసింది. తర్వాత గొడుగు మడిచి నా చేతిలో పెట్టి, మనవికి జవాబొచ్చిందని చెప్పడానికి టీచరుగారిని వెతుక్కుంటూ లోపలికి వెళ్లిపోయింది.