ఊఁ అంటే చాలదు

వర్జీనియాలో, షాంటిలీ అనే ఊళ్ళో మేము సరుకులు కొనే ఇండియన్ స్టోర్‌లో, బిల్లు వేసే చోటి పక్కనే నొప్పుల బామ్ సీసాలు పేర్చి ఉంటాయి. మొన్న శనివారం నా ముందు నిలబడ్డ ఒకాయన సీసా మూత తీసి, వాసన చూసి, పనికొస్తుందని తేల్చుకుని బుట్టలో వేసుకున్నాడు. ఆ ఘాటు నా దాకా వచ్చింది. ఆ వాసనకు తెలుగువాళ్ళెవరికైనా నుదుటికి గుడ్డ బిగించుకున్న అమ్మమ్మో, మోకాళ్ళు నొక్కించుకునే నాయనమ్మో గుర్తుకు రావాలి. నాకు మాత్రం అమెరికా సైన్యంలోని ఒక మేజర్ గుర్తొస్తారు. మేజర్ డోరిస్ కార్వెల్. ఆవిడ జేబులో ఎప్పుడూ వింటర్‌గ్రీన్ బిళ్ళలు ఉండేవి. మనం నడుముకు రాసుకునే వాసనను ఆవిడ మిఠాయిలా చప్పరించేవారు. మొదటిరోజు నాకొకటి ఇస్తే, నోట్లో వేసుకోవాలో మెడకు రుద్దుకోవాలో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడ్డాను.

ఆవిడ వర్జీనియాలో ఒక సైనిక స్థావరం ఆసుపత్రిలో ఫార్మసీకి అధిపతి. నేను ఆవిడ కింద పనిచేసిన కెప్టెన్‌ని. కెప్టెన్ అనగానే గుర్రాన్నీ కత్తినీ ఊహించుకోకండి. అమెరికా వచ్చి, ట్రాయ్ అనే ఊళ్ళో కాపురం చేసుకుంటూ ఫార్మసీ చదివి, పౌరసత్వం వచ్చాక సైన్యంలో చేరినదాన్ని. "మిలిటరీలో మందుల పని బాబాయ్" అని ఫోన్‌లో చెబితే మా బాబాయి గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. "మిలిటరీ మందే! వచ్చేటప్పుడు రెండు సీసాలు పట్టుకురామ్మా" అన్నాడు. మందు అంటే మా బాబాయికి ఒకటి, నాకు ఒకటి, తుపాకి పట్టినవాడికి ఇంకొకటి. ఆ మూడోది నా చేతికి ఇవ్వకపోవడం వల్ల దేశానికి మేలే జరిగింది.

సైన్యంలో ఇంటిపేరును ఛాతీ మీద పెట్టుకుని తిరగాలి. మా ఇంటిపేరు ఉప్పు. ఇంగ్లీషు అక్షరాల్లో దాన్ని చూసినవాళ్ళందరూ 'అప్పు' అని చదివేవారు. ఎవరికీ బాకీ లేకపోయినా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నేను కెప్టెన్ అప్పునే. మేజర్ ఒక్కరే నన్ను కూర్చోబెట్టి, "నీ పేరు నువ్వెలా పలుకుతావో పలుకు" అన్నారు. పలికాను. ఆవిడ తిరిగి పలికారు.

"సరిగ్గా వచ్చిందా?"

"వచ్చింది మ్యామ్."

రాలేదు. 'ఊపు' అని వచ్చింది. "నీ నోరు వచ్చిందంటోంది, నీ మొహం రాలేదంటోంది. మళ్ళీ చెప్పు" అన్నారు. ఉప్పు సరిపోయేదాకా వదల్లేదు. ఇవన్నీ ఆవిడ ఇంగ్లీషులో అన్నవే. ఇన్నేళ్ళు నాలో నానీ నానీ తెలుగైపోయాయి.

మందులిచ్చే కిటికీ అంటే నాకు ప్రాణం. సైనికులు, వాళ్ళ ఇల్లాళ్ళు, పిల్లలు, రిటైరైన తాతలు, అందరూ ఏదో ఒక బాధతో అక్కడికి వచ్చి, ఒక సంచీతో వెళ్ళేవాళ్ళు. ఆ సంచీ అందించే చెయ్యి నాదైనందుకు గర్వంగా ఉండేది. అలాంటిది, చేరిన కొద్ది నెలలకే ఆ కిటికీ నాకు దక్కకుండా పోయే పరిస్థితి వచ్చింది. నా మీద ఫిర్యాదులు వెళ్ళాయి. ఆ కెప్టెన్‌తో మాట్లాడితే గోడతో మాట్లాడినట్టుంది అని ఎవరో అన్నారట. ఆసుపత్రి పెద్ద ఒక కర్నల్. నన్ను వెనక గదికి, సీసాలు సరిచూసే పనికి మార్చమన్నాడు. మేజర్ నెలాఖరు దాకా గడువు అడిగారు. తప్పంతా నా యాసదేనని నేను తీర్మానించుకున్నాను. ఇంటికెళ్ళి అద్దం ముందు నిలబడి 'వాటర్' అన్న మాటను రకరకాలుగా తిప్పి పలికేదాన్ని. నీళ్ళు నమలడమంటే ఏమిటో అప్పుడు బాగా తెలిసింది.

ఆ నెలలోనే మరియమ్మగారు వచ్చారు. నర్సాపురం వైపు మనిషి. కొడుకు మా స్థావరంలోనే సార్జెంట్. తల్లిని గుమ్మం దగ్గర దింపి కారు పార్క్ చేయడానికి వెళ్ళాడు. ఆవిడ కిటికీలోంచి నా ఛాతీ మీది అక్షరాలు కూడబలుక్కుని, "ఉప్పువారా! మనోళ్ళేనా! ఏ ఊరమ్మాయ్ మీది?" అన్నారు.

"తెనాలి దగ్గరండీ, ఆంటీ."

"మరి మా తెలుగు చర్చిలో ఎప్పుడూ కనబడవేం?"

"మేము గుడికి వెళ్తామండీ."

"పోన్లే, అక్కడైనా నా మోకాళ్ళ గురించి ఓ మాట చెప్పిపెట్టు."

నా మాట పొల్లుపోకుండా అర్థమయ్యే మనిషి ఇన్నాళ్ళకు కిటికీ ముందుకు వచ్చారని నాకు ఎక్కడలేని హుషారు. పక్క బల్ల దగ్గర మేజర్ ఏదో సరిచూసుకుంటున్నారు. ఆవిడ వినాలని గొంతు కాస్త పెంచాను కూడా. మరియమ్మగారిది కీళ్ళవాతం. ఆ మందు వారంలో ఒక్క రోజు వేసుకుంటే మేలు చేస్తుంది. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి తెస్తుంది.

"ఆంటీ, ఇది చాలా జాగ్రత్తగా వాడాలి. వారానికొకటి. గుర్తుంటుందిగా?"

"ఊఁ."

"వారానికి ఒకటే. ఎక్కువ వేసుకోకూడదు."

"ఊఁ, ఊఁ."

సంచీ అందించబోతుంటే మేజర్ తల తిప్పకుండానే అడిగారు. "ఆ చప్పుడేమిటి? అవుననా?"

"అవునన్నట్టే మ్యామ్."

"అన్నట్టా, అవునా?"

కాస్త తడబడ్డాను. "మాలో ఎవరైనా కథ చెబుతుంటే వినేవాళ్ళు అలా అంటుంటారు. వింటున్నాం, కానివ్వు అని."

"విన్నారు, బాగుంది. ఏం విన్నారో ఆవిడనే చెప్పమను."

నాకు చిన్నతనంగా అనిపించింది. పెద్దావిడను పట్టుకుని పాఠం అప్పజెప్పమనడమా? అయినా ఆర్డరు ఆర్డరే. "ఆంటీ, ఏమీ అనుకోకండి. ఈ మందు ఎలా వేసుకుంటారో ఒక్కసారి చెప్పరూ?" అన్నాను.

"ఏముందమ్మాయ్, వారానికొకటి అన్నావుగా! సోమవారానికొకటి, మంగళవారానికొకటి, బుధవారానికొకటి... ఆదివారం మటుకు ఆరాధన నుంచి వచ్చాక వేసుకుంటాలే."

సంచీ ఇంకా కిటికీకి ఇవతలే ఉంది. అదొక్కటే చూశాను. ఏడు రోజులూ వారమే, అందులో ఒక రోజూ వారమే. పుట్టినప్పటి నుంచి రెండూ నా నోట్లో ఉన్నాయి, ఒక్కనాడూ ఒకదానికొకటి తగల్లేదు. మళ్ళీ మొదలుపెట్టాను. రోజూ కాదనీ, ఏడు రోజుల్లో ఒక్క రోజేననీ, ఆ రోజేదో మీరే చెప్పండనీ అడిగాను. ఆవిడ కళ్ళు పెద్దవి చేసుకుని, "ఆ ముక్క తిన్నగా చెప్పొద్దూ!" అని నన్ను కసిరి, బుధవారం ఖాయం చేసుకున్నారు. "బుధవారం ఒక్క మాత్ర. తక్కినరోజులు ఈ సీసా మొహం చూడను. చాలా?" చాలన్నాను. అదే మాట అప్పుడే లోపలికొచ్చిన కొడుకు చేత కూడా చెప్పించి పంపాను.

వాళ్ళు వెళ్ళాక మేజర్ దగ్గరికి వెళ్ళాను. "నెలాఖరు దాకా ఎందుకు మ్యామ్, ఇవ్వాళే నన్ను వెనక గదికి పంపేయండి. ఇంగ్లీషులో నా మాట వాళ్ళకు అర్థం కావడం లేదు. తెలుగులో నా మాట నాకే అర్థం కాలేదు."

ఆవిడ బిళ్ళను ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చారు. "నీ యాస గురించి ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు, ఉప్పు."

"మరి?"

"నిన్న వచ్చిన ట్రక్కు డ్రైవరు నీతో ఏమన్నాడు?"

"మాత్రలు పనిచేయడం లేదన్నాడు."

"మాత్రలు వేసుకుంటే స్టీరింగ్ దగ్గర తూగు వస్తోందన్నాడు. నువ్వు తల ఊపి, ఇప్పుడా పెద్దావిడ చేసిన చప్పుడే చేశావు. నేను బయటికెళ్ళి అతన్ని పట్టుకుని, మందు మార్పించి పంపాను." ఆవిడ గొంతులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ కదిలించింది. "మళ్ళీ చెప్పమని అడిగితే ఇంగ్లీషు రాదనుకుంటారని నీ భయం. అవునా?"

ఊఁ అనబోయి ఆగాను. "అవును మ్యామ్" అన్నాను. కన్నీళ్ళు వచ్చేశాయి.

ఆవిడ నాకొక బిళ్ళ ఇచ్చి, నేను ముక్కు తుడుచుకునేదాకా ఆగారు. "ఇది నీ ఒక్కదాని జబ్బు కాదు. ఈ స్థావరంలో అందరూ 'ఎస్ మ్యామ్' అంటారు చూడు, అదీ ఇదే చప్పుడు. వెనక గదిలో ఉండేవి సీసాలు. వాటికి నువ్వు తల ఊపినా ఊపకపోయినా ఒకటే. అక్కడ నువ్వు బాగుపడవు. కిటికీ దగ్గరే ఉండు. రోజుకొక్కసారైనా ఎవరితోనో 'నాకు అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి' అనాలి. ఇది ఆర్డరు."

కర్నల్‌తో ఆవిడ ఏం మాట్లాడారో నాకు తెలియదు. నెలాఖరు వచ్చింది, పోయింది, నన్నెవరూ కదపలేదు. ఆర్డరు ప్రకారం నేను మొదటిసారి ఆ మాట అన్నది, కొండ ప్రాంతం నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ సైనికుడితో. బుగ్గలో పొగాకు ఉండ, నోట్లో సగం పళ్ళు. చెవులు ఎర్రబడుతుండగా, "సారీ సర్, నాకు అర్థం కాలేదు" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "బతికించావమ్మా, ఇందాకటి నుంచి నాకూ నీ మాట ఒక్కటీ అర్థం కాలేదు" అన్నాడు. ఇద్దరం నవ్వుకుని, "గుడ్ మార్నింగ్" దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టాం.

మేజర్ రిటైరయ్యాక అలబామాలో చెల్లెలి ఇంటి పక్కన ఇల్లు తీసుకున్నారు. ఆదివారాలు ఫోన్‌లో మాట్లాడుకునేవాళ్ళం. ఒక ఆదివారం, తోటలో టమాటాల సంగతి చెబుతూ చెబుతూ, రొమ్ములో గడ్డ ఉందని తేలిందనీ, డాక్టరును కలిసి వచ్చాననీ అన్నారు. "కుర్రాడు మంచివాడు. అన్నీ వివరంగా చెప్పాడు."

"ఏం చెప్పాడు మ్యామ్?"

"ఏముంది, మందులూ వాటి వరసా. నీకు తెలియనివా?"

"నాకు తెలుసు. ఆయన మీకేం చెప్పాడో చెప్పండి."

లైను తెగిందేమోనని ఫోన్ చూసుకున్నాను. తెగలేదు.

"తెలియదు, ఉప్పు" అన్నారు చివరికి. "మొదటి మాట దగ్గరే చెవులు మూసుకుపోయాయి. తర్వాత ఆయన ఏం చెప్పినా ఎస్ సర్, ఎస్ సర్ అనేసి వచ్చేశాను. జన్మంతా మందులిచ్చినదాన్ని."

ఓదార్చే మాటలు గొంతు దాకా వచ్చాయి. మింగేశాను. "మళ్ళీ చెప్పమని అడుగుదాం మ్యామ్. నేనూ లైనులో ఉంటాను" అన్నాను. ఆ డాక్టరు నిజంగానే మంచివాడు. మర్నాడు మొదటి నుంచి మళ్ళీ చెప్పాడు. మేజర్ పాత గొంతుతో, అధికారికి రిపోర్టు ఇస్తున్నట్టు, అంతా తిరిగి చెప్పారు. ఒకచోట తప్పారు, దిద్దుకున్నారు. వైద్యం బాగానే పనిచేసింది. చెల్లెలి మనవరాలికి ఈత నేర్పేటంత కాలం ఆవిడకు దొరికింది. ఇప్పుడు లేరు.

ఆ ఆదివారం గురించి చాలాసార్లు ఆలోచించాను. ఎదురుగా కూర్చుని ఉంటే ఆవిడ ఆ మాట నాతో అనేవారు కాదు. ఆవిడ మేజర్, నేను కెప్టెన్. ఆవిడ మొహం నాకు కనబడటం లేదు కనుకనే, భయపడటానికి ఆవిడకు కాస్త చోటు దొరికింది. ఇది ఆవిడ నాకు నేర్పాలని నేర్పింది కాదు. అయినా ఆవిడ దగ్గర నేర్చుకున్నవాటిలో రోజూ నా చేతుల్లో ఉండేది ఇదే. నేనింకా యూనిఫాంలోనే ఉన్నాను, కిటికీ దగ్గరే ఉన్నాను. ఈ మందు ఎలా వేసుకుంటారో మీరే చెప్పండి అని అడిగాక, ఎదుటి మనిషి కళ్ళలోకి చూడను. తల దించుకుని, ఎప్పుడో బిగించిన మూతనే మళ్ళీ బిగిస్తూ ఉంటాను. వెనక వరస పెరుగుతుంది. ఎవరో దగ్గుతారు, ఎవరో బూటు నేలకేసి తడతారు. నేను తల ఎత్తను. కాసేపటికి అవతలి నుంచి, ఆరడుగుల మనిషిలోంచి అంత చిన్న గొంతు ఎలా వస్తుందో గానీ, "సారీ మ్యామ్, నాకేమీ అర్థం కాలేదు" అన్న మాట వస్తుంది.

అప్పుడు తల ఎత్తుతాను.